బీటలు పూడ్చే నీళ్ళు

ఊడాల్సిన పన్ను కాస్త ఆలస్యంగా ఊడితే ఏమవుతుంది, ఏమీ కాదు, ఎంతమంది పిల్లలకు అలా జరగడం లేదు, అయినా ఇది ఊడని పన్ను కాదు కదా, ఊగిన పన్ను, పోయిన వారం నాలుకతో తోస్తే ముందుకూ వెనక్కూ ఆడిన పన్ను, ఒకసారి వదులైనది మళ్ళీ తనంతట తాను బిగుసుకోవడమంటే... అక్కడికి వచ్చి సుభాషిణి ఆలోచన ఆగింది. ఆగిందని ఆమెకు తెలిసింది కూడా. ఈ మధ్య ఆమె మనసు ఒక అలవాటు నేర్చింది. ఒక చోటు దాకా మామూలుగా నడిచి వెళ్ళి, ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు తిరిగి వచ్చేస్తుంది. ఆ చోటుకు అవతల ఏముందో చూడదు. చూడలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదనుకుంటుంది.

“అమ్మా, జడ!” అంది మేఖల. దువ్వెన దాని జుట్టు మధ్యలో నిలిచిపోయి ఉంది. “బస్సు వచ్చేస్తుంది. నువ్వేమో నిద్రపోతున్నావు.”

“పన్ను చూపించు ఒకసారి.”

“చూపించాను కదా. ఊగడం మానేసింది. మా క్లాసులో అందరికీ ఊడిపోయాయి. తన్మయి నవ్వితే నోట్లో కిటికీ ఉంటుంది. నాకే లేదు. నన్ను మామ్మ అంటున్నారు.”

“మామ్మలకే పళ్ళుండవే!” అన్నాడు కోదండం, గుమ్మంలో కూర్చుని కాన్వాసు బూట్లు తొడుక్కుంటూ. మేఖల తండ్రి ఆయన, ఊళ్ళో హైస్కూలు డ్రిల్లు మాస్టారు. “వాళ్ళకి సరిగ్గా వెక్కిరించడం కూడా రాదు. నువ్వు తిరిగి అను, మీరే మామ్మలు, మీకే బోసినోళ్ళని.”

మేఖల ఆలోచించి, బాగుందనుకుని, నోరు తెరిచింది. సుభాషిణి బొటనవేలు పెట్టి పన్నును తోసింది. పాత గోడలో ఇటుక వదులైందేమో చూడటానికి ఆమె రోజూ చేసే పనే అది. పన్ను కదల్లేదు. కదలకపోతే సంతోషించడం ఆమెకు అలవాటు. ఆ అలవాటు కొద్దీ ఒక్క క్షణం సంతోషం కలిగింది. వెంటనే ఆ సంతోషాన్ని చూసి భయమేసింది.

*

రేవుపేట ఉప్పు కొఠారు సముద్రానికి ఎంత దగ్గరంటే, తుఫాను రోజుల్లో నురగ వచ్చి దాని మెట్ల మీద పడుతుంది. గోడలు డంగు సున్నానివి. పైన కమాను కప్పు ఇటుకరాళ్ళ ముక్కలూ సున్నమూ కలిపి పోసిన పాతకాలపు కాంక్రీటు. తరతరాలుగా ఉప్పు నిలవ చేసిన గోడలు ఉప్పునే తాగాయి. వానాకాలం అది తేమలో కరుగుతుంది, ఎండాకాలం గోడ లోపలే గడ్డకట్టి ఉబ్బుతుంది, ఉబ్బి సున్నాన్ని పెళ్ళలు పెళ్ళలుగా తోసేస్తుంది. మధ్యలో ఎవరో సిమెంటు పూశారు. సిమెంటు వెనక ఉప్పు ఇంకా కోపంగా పనిచేసింది.

సుభాషిణి తయారుచేసిన సూక్ష్మజీవి చూడటానికి చిక్కటి పాలలా ఉంటుంది. పనివాళ్ళు దాన్ని పాలు అనే పిలుస్తారు. బెల్లం నీళ్ళలో కలిపి గోడకు పట్టిస్తే బీటలోకి దిగుతుంది. ఎండకూ చలికీ ప్రతి బీటా వెంట్రుకవాసి తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. ఆ కదలికే దానికి పిలుపు. ఎక్కడ కదిలితే అక్కడికి చేరి, రెండు చివరల నుంచి మధ్యకు సున్నం పేరుస్తూ వస్తుంది. కదలిక ఆగేదాకా దానికి విశ్రాంతి లేదు. పెద్ద బీటల మీద ఆమె అడ్డంగా పలచటి గాజు పట్టీలు అంటించి పెట్టింది. గోడ కదిలితే గాజు పగులుతుంది. వేసవి నుంచీ ఒక్క గాజూ పగల్లేదు.

“ఇనండమ్మగోరూ,” అన్నాడు అప్పలసూరి మేస్త్రి. తాపీ పిడితో గోడ మీద కొట్టుకుంటూ నడుస్తున్నాడు. “ఇక్కడా అదే మోత, అక్కడా అదే మోత. బోలు అన్న మాటే నేదు. నా సర్వీసులో ఇలాటి గోడ సూడనేదు.”

ఆమె విన్నది. నిజమే. ఎక్కడ కొట్టినా ఒకే మోత. ముందు నెలల్లో ఈ గోడకు ఎన్ని గొంతులుండేవో గుర్తొచ్చింది. చెమ్మ ఉన్నచోట ఒకటి, రాయి ఉన్నచోట ఒకటి, సందు ఉన్నచోట ఒకటి. ఇప్పుడు కొఠారు మొత్తం ఒకే మాట అంటోంది. కప్పు నుంచి రాలే దుమ్ము కూడా లేదు. దుమ్ము రాలకపోవడం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆమె అనుకోలేదు.

“అలా కట్టెలా నడుస్తున్నారేంటి మేస్త్రీ? మోకాలు మళ్ళీ పట్టేసిందా?”

“అదే సెప్దామనుకున్నాను. నొప్పి పోనాది! ఎన్నేళ్ళనాటి నొప్పి! కూకుంటే నెగలేను, నెగితే కూకోలేను. ఇప్పుడసలు నొప్పే నేదు.”

“అయితే ఒకసారి కూర్చోండి, చూద్దాం.”

“కూకోడం అవట్లేదు గానీ,” అని పకపకా నవ్వాడు అప్పలసూరి. “నొప్పి నేనప్పుడు కూకోడం దేనికండీ? మా ఆడదంటాది, నువ్వు స్తంభం నాగ అయిపోనావు, రేపట్నించి దండెం తాడు నీకే కడతానూ అని. తమరు మాత్రం? నేను పిలిస్తే మెడ తిప్పకుండా మనిషి మనిషంతా తిరిగారు. పోలీసోళ్ళ కవాతు నాగ.”

సుభాషిణి నవ్వబోయింది. కంప్యూటరు ముందు కూర్చుని తెచ్చుకున్న మెడనొప్పి తనకూ పోయింది. ఎప్పుడు పోయిందో గమనించలేదు. మనిషి నొప్పిని లెక్కపెడతాడు గానీ, నొప్పి పోయిన రోజును ఎవరు గుర్తు పెట్టుకుంటారు? ఆమె మెల్లగా మెడను ఎడమకు తిప్పి చూసింది. కొంత దూరం వెళ్ళి ఆగింది. నొప్పి లేదు. వెనక గోడ ఉన్నట్టు, ఊరికే ఆగింది.

అప్పుడు ఆమె మనసు ఆ చోటును దాటింది.

గోడకు మొదటి పూత వేసేనాడు ఇక్కడి పనివాళ్ళకొక ఆనవాయితీ. సున్నంలో కలపబోయే బెల్లం నీళ్ళు ముందు ఒక దోసెడు గోడ మీద చల్లి, తర్వాత అందరూ తలా ఒక గుక్క తాగుతారు. గోడకు పెట్టింది తాము తాగకపోతే గోడ అలుగుతుందంటారు. ఆ రోజు డ్రమ్ములో అప్పటికే పాలు కలిపేసి ఉన్నాయి. చూడటానికొచ్చిన అధికారులు గ్లాసులు పట్టుకుని ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. సుభాషిణికి నవ్వొచ్చింది. “కడుపులో పులుపుకి ఇది క్షణం బతకదండీ” అని, అందరికంటే ముందు తాను తాగింది. అప్పలసూరి తాగాడు. బడికి సెలవని వెంట వచ్చిన మేఖల తియ్యగా ఉందని రెండు గ్లాసులు తాగింది. అధికారులు నవ్వుతూ, ఎవరూ చూడలేదనుకుని, తమ గ్లాసులు మొక్కల్లో పారబోశారు. మిగతా పనివాళ్ళు పాలు కలపని మరో పీపాలోంచి తాగారు. తల్లీకూతుళ్ళ ఫోటో పేపర్లో పడింది.

కడుపులో పులుపుకి బతకదన్నది నిజమే. ప్రయోగశాలలో ఎన్నోసార్లు చూసింది. కానీ ఆ డ్రమ్ములో బెల్లమూ పాలూ మాత్రమే లేవు. సున్నపు తేట కూడా ఉంది. కడుపుబ్బరం వస్తే పసిపిల్లలకు పట్టేది ఆ తేటే, పులుపును చంపుతుందనే పట్టిస్తారు. తన నాయనమ్మ తనకు పట్టింది. సుభాషిణికి ఆ రుచి కూడా తెలుసు. తెలిసిన రెండు సంగతులు ఒకే తలలో పక్కపక్కనే ఇన్నాళ్ళు ఒకదాన్నొకటి చూసుకోకుండా కూర్చున్నాయి.

“అమ్మగోరూ, ఏటయింది?” అన్నాడు అప్పలసూరి.

“ఏం లేదు మేస్త్రీ. మోత బాగుంది” అందామె.

*

కోదండానికి ఒంటి భాష తెలుసు. పిల్లవాడు పరుగెత్తే తీరును బట్టి వాడు పొద్దున తిన్నాడో లేదో చెప్పగలడు. ఆ సాయంత్రం పెరట్లో మేఖలను అరుగు మీద నుంచి దూకిస్తున్నాడు.

“మోకాళ్ళు వంచి దిగాలి మేకూ. పిల్లిలాగ. నువ్వేమో బస్తా పడేసినట్టు పడుతున్నావు.”

“వంచుతున్నాను నాన్నా.”

“ఏదీ, ఇంకోసారి.”

మేఖల దూకింది. మడమలు నేలను తాకిన చప్పుడు వంటింట్లోకి వినిపించింది. సుభాషిణి చేతిలో గరిట ఆగింది. అది పిల్ల పాదాల చప్పుడు కాదు. తాపీ పిడి చప్పుడు.

కోదండం లోపలికి వచ్చాడు. నవ్వుతూ రాలేదు.

“సుభా, వేసవిలో దీని ఎత్తు కొలిచాను కదా. ఇప్పుడు మళ్ళీ కొలిచాను. గీత ఎక్కడుందో అక్కడే ఉంది. ఈ వయసులో నాలుగు నెలలకి ఎంతో కొంత పెరగాలి. రేపు ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం.”

“కాస్త ఆగుదాం” అంది సుభాషిణి. ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. నోరు ముందుగా అనేసింది.

“ఎందుకాగడం? నువ్వైతే గోడలో వెంట్రుకంత గీత కనిపిస్తే అర్ధరాత్రి లేచి పరుగెత్తుతావు.”

మర్నాడు ఎముకల డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్మును వెలుగు పెట్టె మీద పెట్టి చాలాసేపు చూసింది. పేరు మళ్ళీ చదివింది. వయసు మళ్ళీ అడిగింది.

“పిల్లల ఎముకల చివర ఇలా ఒక నల్ల గీత ఉంటుందండీ. అది ఎముక కాదు, మెత్తటి పొర. పిల్లలు ఎదిగేది అక్కడే. పెద్దయ్యాక పూడిపోతుంది. మీ పాపకి మోకాళ్ళ దగ్గర చాలా మటుకు పూడిపోయింది. మణికట్టులో ఇంకాస్త మిగిలింది. ఏడేళ్ళకి ఇలా ఎక్కడా చూడలేదు నేను.”

“అంటే ఎదగదా?” అన్నాడు కోదండం.

“ఆ గీతలు పూర్తిగా మూసుకుపోతే... ఎదగదు.”

సుభాషిణి ఫిల్ము దగ్గరికి వెళ్ళింది. నల్ల గీత రెండు చివరల నుంచీ తెల్లటి పొడిలా ఏదో పేరుకుంటూ మధ్యకు వస్తోంది. అంచులు నూగునూగుగా, మంచు పట్టిన గడ్డిలా ఉన్నాయి. ఇలాంటి ఫోటోలు ఆమె తన వ్యాసాల్లో ఎన్నో వేసుకుంది, కింద గర్వంగా ఒక వాక్యం రాసి. జనం మధ్య ఏదో అద్దంలో తన నడకనే చూసి గుర్తుపట్టినట్టు దాన్ని గుర్తుపట్టింది.

“ఎముకలైతే ఉక్కులా ఉన్నాయి,” అంది డాక్టరమ్మ ఓదార్పుగా. “అదొకటి మంచిదే.”

*

దాన్ని ఆపే పదార్థం ఒకటుందని సుభాషిణికి మొదటినుంచీ తెలుసు. పాతకాలం సున్నంలో బెల్లంతో పాటు కరక్కాయ నీళ్ళూ కలిపేవారు. తొలి ప్రయోగాల్లో కరక్కాయ తగిలిన చోటల్లా పాలు విరిగినట్టు ఆ జీవి చచ్చిపోయేది. అందుకని ఆమె మిశ్రమంలోంచి కరక్కాయను తీసేసింది. చావడం ఒక్కటే చూసింది. చచ్చాక ఏమవుతుందో చూడాల్సిన అవసరం అప్పుడు రాలేదు.

ఇప్పుడు చూసింది. ప్రయోగశాలలో రెండు సున్నపు దిమ్మలు కరక్కాయ కషాయంలో వేసింది. ఒకటి ఈ మధ్యే పాలు పట్టించినది. రెండోది ఏడాది కిందటిది. పొద్దున వచ్చి చూస్తే కొత్త దిమ్మ అలాగే ఉంది, అంచుల్లో నాలుగు రేణువులు రాలాయి. పాత దిమ్మ ఉన్నచోట తడిపిండి కుప్ప ఉంది. ఆమె వేలు పెడితే వేలు దిగింది.

అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ జీవి బీటలు పూడ్చి ఊరుకోవడం లేదు. సొంత సున్నం చేసుకోవడానికి పాత సున్నాన్నే తింటోంది. తిన్నచోట తనది పెడుతోంది. కాలం గడిచేకొద్దీ గోడలో గోడ తగ్గిపోయి అదే మిగులుతుంది. తొందరగా చంపితే గోడ బతుకుతుంది. ఆలస్యంగా చంపితే గోడా ఉండదు.

మేఖల తాగి నాలుగు నెలలు కావస్తోంది. కొత్త దిమ్మకూ పాత దిమ్మకూ మధ్య. ఆ మధ్య వయసు దిమ్మ ప్రయోగశాలలో ఒక్కటీ లేదు.

ఫోను మోగింది. ప్రాజెక్టు డైరెక్టరు.

“సుభాషిణిగారూ, శుభవార్త! పాత బాలికల హాస్టలు మనకే ఇచ్చారు. మొదటి రోజు ఆ తాగే కార్యక్రమం తప్పకుండా పెట్టాలి. పోయినసారి ఫోటో చూసి మంత్రిగారు కూడా మెచ్చుకున్నారు. ఈసారి హాస్టలు పిల్లలందరితో తాగిద్దాం. ఏమంటారు?”

ఆమె పిండి కుప్పనే చూస్తోంది. “సార్, నేను మళ్ళీ చెప్తాను” అని పెట్టేసింది. పెట్టేశాక ఆ మాట గదిలో ఉండిపోయింది. మళ్ళీ చెప్తాను. ఏం చెప్పడానికి? తనలో ఏ భాగం ఈ మాట అంది? కూతురి గురించి తెలిసిన తల్లి అందా, ఇన్నేళ్ళ పనిని ఇంకొక్క రోజు బతకనిద్దామనుకున్న మనిషి అందా? తన లోపల ఇద్దరున్నారని ఆమె అనుకునేది. ఇప్పుడు వాళ్ళ మధ్య సందు కూడా కనిపించడం లేదు. ఎక్కడ కొట్టినా ఒకే మోత.

ఆమె మళ్ళీ ఫోను తీసింది.

*

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక మేఖల వరండాలో బొమ్మలకు పాఠం చెబుతోంది. సుభాషిణి భర్తను వంటింట్లోకి పిలిచి అంతా చెప్పింది. డ్రమ్మూ, సున్నపు తేటా, ఎక్స్‌రేలో తనకు కనిపించినదీ, రెండు దిమ్మలూ. వ్యాసం చదువుతున్నట్టు చెప్పింది. మరోలా చెప్పడం ఆమెకు రాలేదు.

కోదండం చాలా నెమ్మదిగా అన్నాడు.

“నీ గోడకి పెట్టింది నా పిల్లకి పెట్టావు.”

“నేనూ తాగాను.”

“నిన్నెవడు అడిగాడు? నువ్వు తాగితే ఏంటి నాకు? దానికి ఏడేళ్ళు!” ఆయన గొంతు లేచి, వరండా వైపు చూసి దిగిపోయింది. “ఆ హాస్టలు పిల్లలో?”

“ఆపేశాను. డైరెక్టరుకి చెప్పేశాను, పైవాళ్ళకి కూడా రాశాను. పీపాల్లో పాలన్నీ మరగబెట్టేశాను. రేపటి నుంచి నాకు ఉద్యోగం ఉండదు.”

“డాక్టరమ్మకి చెప్పావా?”

“చెప్పాను. గోడల మందు ఎముకల్లోకి రావడమేంటని నన్ను జాలిగా చూసింది. పెద్దాసుపత్రికి రాసిచ్చింది. వాళ్ళు వచ్చే నెల రమ్మన్నారు. అప్పటికి మణికట్టులో గీత కూడా మూసుకుపోతుంది.”

“మరి ఆ కరక్కాయ ఇచ్చేద్దాం. ఇప్పుడే ఇద్దాం.”

“ఇస్తే అది చస్తుంది. అది ఎంత ఎముక తినేసి ఉందో ఎవరికీ తెలీదు. కొద్దిగా అయితే ఏమీ కాదు. ఎక్కువైతే...” ఆమె పిండి కుప్ప సంగతి రెండోసారి చెప్పలేకపోయింది. “ముందు వేరేవాళ్ళ మీద చూడాలి. అదే రోజు తాగినవాళ్ళ మీద. అప్పలసూరిని అడిగాను.”

“ఏమన్నాడు?”

“అంతా విన్నాడు. నొప్పి మళ్ళీ వస్తాదా అమ్మగోరూ అని అడిగాడు. రావచ్చన్నాను. అయితే నాకొద్దు, నాన్నిలాగే బాగున్నాను అన్నాడు.”

కోదండం ముక్కుతో నవ్వాడు. ఏడుపు రాని మనిషి నవ్వే నవ్వు. తర్వాత ఆ నవ్వు మొహం మీదే నిలిచిపోయింది. ఇక మిగిలింది ఆమె ఒక్కతేనని ఆయనకు అర్థమైంది.

“నీకెక్కడ పట్టింది?”

“మెడలో.”

ఆయన ఒంటి భాష తెలిసిన మనిషి. మెడ ఎముకలు తలను మోస్తాయనీ, లోపల వెన్నుపామును దాచుకుంటాయనీ ఆయనకు వేరే చెప్పక్కర్లేదు.

“పడుకునే ఉంటాను,” అంది సుభాషిణి. “తల కింద ఇసుక సంచులు పెట్టండి, అటూ ఇటూ కూడా. రేపు పొద్దున దాకా కదలను. చేతులు తిమ్మిరెక్కుతున్నాయేమో అడుగుతూ ఉండండి. పొద్దుటికి నేను తల ఎత్తగలిగితే దానికి ఇవ్వండి. చిటికెడే. తేనెలో రంగరించి.”

“ఎత్తలేకపోతే?”

“ఇవ్వకండి. ఎదగకపోయినా ఉంటుంది కదా.”

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఆమె మీద కోపంతో వచ్చిన మాటలన్నీ ఇప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా ఉన్నాడు. చివరికి పెరట్లోకి వెళ్ళి, హైజంపు గుంట కోసం తెచ్చిన ఇసుకను గోనెసంచుల్లోకి ఎత్తుకోసాగాడు. పార చప్పుడు లోపలికి వినిపిస్తోంది.

ఆమె మందుల కొట్లో కొన్న పొట్లం విప్పి, కరక్కాయను రోటి అంచున పెట్టి రాయితో కొట్టింది. చప్పుడుకు మేఖల వచ్చింది.

“ఏంటమ్మా అది? నాకు?”

“ఇప్పుడు కాదు. ముందు నేను.”

“తీపా?”

“కాదు. వగరు. నాలుక ముడుచుకుపోతుంది.”

“అయితే నీ మొహం ఎలా పెడతావో చూస్తాను” అని మేఖల కాళ్ళు వంచకుండా, నిటారుగా, గుమ్మంలో నిలబడింది.

సుభాషిణి మంచం మీద వెల్లకిలా పడుకుంది. కోదండం సంచులు తెచ్చి ఆమె తలకు అటూ ఇటూ సర్దాడు. మొహం చూడలేదు గానీ, సర్దాక చెయ్యి వెంటనే తీసేయలేదు. పైకప్పు తెల్లగా, ఒక్క గీత లేకుండా ఉంది. తిరిగి వెళ్ళిపోవడానికి ఆమె మనసు ఒకసారి వెనక్కి చూసింది. వెళ్ళే దారి కనిపించలేదు.

ఆమె కరక్కాయ ముక్కను దంతాల మధ్య పెట్టుకుని, కొరికింది.